గాలివానకి పెరటి షెడ్డు తలుపు ఊడిపోకుండా బిగించడం ఎలా?

"తాళం పెద్దదే వేశాం, అయినా గాలొస్తే తలుపు కొట్టుకుంటూనే ఉంది." విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెరట్లోనో డాబా మీదో రేకుల షెడ్డు ఉన్నవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఇది. కారణం కూడా అందులోనే దొరుకుతుంది. తాళం దొంగ కోసం వేసేది. గాలి తలుపుని నాలుగు మూలలా పట్టి లాగుతుంది, తాళమేమో నడుము దగ్గర ఒక్కచోట పట్టుకుని ఉంటుంది. పైమూల, కిందిమూల ఊగుతాయి. ఊగినప్పుడల్లా బందుల స్క్రూలు వెంట్రుకవాసి వదులవుతాయి. అలా నాలుగైదు గాలివానలు చూశాక, ఒక సాయంత్రం తలుపు పక్కింటి పెరట్లో కనపడుతుంది.

ఇక్కడ చెప్పేది 3 అడుగుల వెడల్పు, 6½ అడుగుల ఎత్తు ఉన్న ఒంటి రెక్క తలుపు గురించి. చెక్కదైనా, యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీ) ఫ్రేముకి రేకు కొట్టిందైనా పద్ధతి ఒకటే. రెండు రెక్కల తలుపుకి తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. పని మొత్తం ఒక రోజుది, సిమెంటు ఆరడానికి మాత్రం మూడు రోజులు వదలాలి. వేసవి గాలిదుమారాలు మొదలవకముందే, అంటే మార్చిలోనే, చేసుకుంటే మంచిది. అక్టోబరులో తుఫాను కబురు విన్నాక వెల్డర్ దొరకడు.

1. కొట్టుకి వెళ్ళే ముందు తలుపుని పరీక్షించండి

తలుపు మూసి, రోజూ వేసే గెడ వేసి, ఒక సుద్దముక్క పట్టుకుని బయట నిలబడండి.

అరచేత్తో పైమూల, కిందిమూల, మధ్య, ఇలా వరసగా నెట్టి వదలండి. 5 ఎంఎం కన్నా ఎక్కువ ఆడినచోట సుద్దతో గీత పెట్టండి. దాదాపు ప్రతి షెడ్డులోనూ తాళం వైపు కిందిమూల దగ్గరే మొదటి గీత పడుతుంది.

తర్వాత తాళం వైపు అంచు పట్టుకుని రెక్కని పైకి ఎత్తండి. ఎత్తితే లేచిందంటే బందుల పిన్నులు అరిగాయి, లేదా స్క్రూలు పట్టు వదిలాయి. ఇప్పుడు ద్వారబంధాన్ని నెట్టండి. గోడకీ దానికీ మధ్య నుంచి ప్లాస్టరు పొడి రాలితే అసలు జబ్బు అక్కడుంది, తలుపుకి ఎంత చేసినా లాభం లేదు.

గాలి రోజున చప్పుడు వినండి, అది కూడా చాలా చెబుతుంది. టకటకమంటే గొళ్ళెంలో సందు ఎక్కువైంది. దబదబమంటే రేకు ఫ్రేముని వదిలేసింది. కిర్రుమంటూ ఆగి ఆగి వస్తే బందు వంగింది.

2. తలుపు ఎటు తెరుచుకుంటుంది, గాలి ఎటునుంచి కొడుతుంది

బయటికి తెరుచుకునే తలుపుని ఎదురుగాలి ద్వారబంధానికేసి నొక్కుతుంది. అప్పుడు భయం లేదు. గాలి షెడ్డు వెనకనుంచో పక్కనుంచో వీచినప్పుడు ఆ తలుపుని బయటికి పీలుస్తుంది, బరువంతా గెడల మీద, బందుల మీద పడుతుంది. లోపలికి తెరుచుకునే తలుపు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది, ఎదురుగాలే దానికి శత్రువు. కొత్తగా పెట్టించుకునేవాళ్ళు బయటికి తెరుచుకునేలా పెట్టించుకోండి, వాన జల్లు కూడా లోపలికి తక్కువ వస్తుంది.

మన దగ్గర గాలి ఒక్క దిక్కునుంచే రాదు. ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలి ఉరుముల మబ్బు ఎటుంటే అటునుంచి విరుచుకుపడుతుంది. తుఫాను గాలి మధ్యభాగం చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అందుకే తుఫాను మనకి దక్షిణంగా తీరం దాటితే తూర్పు, ఈశాన్యం నుంచి గాలి కొడుతుంది. మనకి ఉత్తరంగా దాటితే వాయవ్యం, పడమర నుంచి వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే గుంటూరుకి దక్షిణాన. దాని గాలి గంటకి 90-100 కిలోమీటర్లు, విసురు 110 దాకా. కాబట్టి "మా తలుపు పడమటికి ఉంది, ఏం కాదు" అనుకోవద్దు. వెనకనుంచి వచ్చే గాలి ఆ తలుపునే పీలుస్తుంది.

బలం ఎంతో ఒకసారి లెక్క చూడండి. గాలి వేగం గంటకి 60 కిలోమీటర్లయితే ఈ సైజు తలుపు మీద సుమారు 30 కిలోల తోపు పడుతుంది. 100 అయితే సుమారు 85 కిలోలు. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. భవనాల మీద గాలి భారానికి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి ఇచ్చిన మూల వేగం (లెక్క మొదలుపెట్టే గాలి వేగం) సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. దాని ప్రకారం ఈ తలుపు మీద పడే బరువు సుమారు 275 కిలోలు.

ఆ 85 కిలోల్ని రెండు బందులు, ఒక గొళ్ళెం మోస్తే తలా 28 కిలోలు. మూడు బందులు, మూడు గెడలు పంచుకుంటే తలా 14. అన్నీ సమంగా పంచుకోవనుకోండి, అయినా తేడా తెలుస్తూనే ఉంది కదా. పైగా గాలి నిలకడగా నెట్టదు, కుదుపుతుంది. స్క్రూలు ఊడేది ఆ కుదుపుకే.

3. సామాను

ఇనుప సామాన్ల కొట్టులో ఈ చీటీ చూపిస్తే చాలు:

- 4 అంగుళాల బందులు 3 (ఇనుప తలుపుకైతే వెల్డింగ్ చేసే బుల్లెట్ బందులు 3)
- టవర్ బోల్టులు (పైకీ కిందికీ జరిపి వేసే గెడలు) 2: పైకి 8 అంగుళాలది, కిందికి 12 అంగుళాలది. పైదాని కడ్డీ మందం కనీసం 10 ఎంఎం, కిందిది 12 ఎంఎం
- 10 లేదా 12 అంగుళాల ఆల్‌డ్రాప్ (అడ్డంగా జరిపి తాళం వేసే గెడ) 1, కడ్డీ 16 ఎంఎం
- 6 ఎంఎం గుండ్రని తల బోల్టులు, నట్లు, వెడల్పు వాషర్లు 20 జతలు (పొడవు తలుపు మందం కన్నా అర అంగుళం ఎక్కువ)
- 10 ఎంఎం యాంకర్ బోల్టులు, 4 అంగుళాలవి, 6
- తలుపు తెరిచి ఉంచే ఇనుప కొక్కెం, 10 అంగుళాలది, దాని కన్ను
- అర అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్క, 3 అంగుళాలు
- రబ్బరు బీడింగ్ 5 మీటర్లు
- రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, కాస్త సిమెంటు, ఇసుక
- పాత టైరు ముక్క, అరచెయ్యంత

టవర్ బోల్టు కొనేటప్పుడు కడ్డీని వేళ్ళతో పట్టి ఊపి చూడండి. గొట్టంలో గలగలలాడితే వద్దు. తేలికైన అల్యూమినియంవి బాత్‌రూమ్ తలుపులకి సరిపోతాయి, ఈ పనికి ఇనుపవో స్టీలువో కావాలి. ప్యాకెట్‌లో వచ్చే పొట్టి స్క్రూలని పక్కన పడేయండి. ఎంత మంచి గెడైనా అరంగుళం స్క్రూ మీద నిలబడదు.

పని చేసే వరస: ద్వారబంధం, బందులు, రెక్క, గెడలు, కొక్కెం, బీడింగ్. ముందు గెడ పెట్టి తర్వాత బందు సరిచేస్తే రెక్క కదులుతుంది, గెడ రంధ్రం తప్పుతుంది, మళ్ళీ కొత్త రంధ్రం కొట్టాలి.

4. ద్వారబంధాన్ని గోడకి బిగించడం

ఒక్కో పక్క మూడేసి యాంకర్ బోల్టులు పడాలి: పైనుంచి అడుగు కింద ఒకటి, మధ్యలో ఒకటి, నేలనుంచి అడుగు పైన ఒకటి. 9 అంగుళాల గోడైతే గోడ మందం మధ్యలో పడేలా డ్రిల్ చేయండి. ఇటుకలోకి వెళ్ళాలి, ఇటుకల మధ్య సిమెంటు గీతలోకి వెళ్ళకూడదు. గీతలో పడిన బోల్టు మొదట్లో బిగిసినట్టే ఉండి ఆరు నెలల్లో తిరగడం మొదలెడుతుంది.

విజయవాడ వైపు చాలా పెరటి గదులు బూడిద ఇటుకతో, అదీ 4½ అంగుళాల గోడతో కడతారు. అక్కడ యాంకర్ బోల్టు వద్దు. అది లోపల విచ్చుకుని పట్టే రకం, సన్న గోడలో ఇటుకనే చీలుస్తుంది. దానికి బదులు 40 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం ఉన్న ఫ్లాట్ పట్టీని ఎల్ ఆకారంలో వంచించండి. ఒక కాలు ద్వారబంధానికి, ఇంకోటి గోడ లోపలి ముఖానికి ఆనించి, గోడకి అటునుంచి ఇటు బోల్టు దూర్చి, బయటివైపు 3 అంగుళాల చదరపు ప్లేటు వేసి నట్టు బిగించండి. పక్కకి రెండు చాలు.

షెడ్డు మొత్తం ఇనుప స్తంభాలదైతే ద్వారబంధాన్ని స్తంభానికి వెల్డింగ్ చేయించడమే. జీఐ పైపు మీద వెల్డింగ్ పెట్టేముందు ఆ చోట జింకు పూత గీకించండి, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. షెడ్డులో కిరోసిను, థిన్నరు, ఎండు పీచు, గోనెసంచులు ఉంటే ముందు బయటికి తీయండి. నిప్పురవ్వ 35 అడుగుల దాకా కూడా ఎగరగలదు.

5. బందులు

పై బందు రెక్క పైఅంచుకి 6-7 అంగుళాల కింద, కింది బందు కింది అంచుకి 9 అంగుళాల పైన, మూడోది సరిగ్గా మధ్యలో. రెండే బందులున్న తలుపుకి మధ్యలో మూడోది వేస్తే రెక్క విల్లులా వంగడం ఆగిపోతుంది. ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దీనిదే.

చెక్కలో స్క్రూ రంధ్రం పెద్దదైపోయి ఉంటే లావు స్క్రూ కొట్టి వదిలేయకండి. వెదురు పుల్లని ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో బిగుతుగా దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన కొస కోసి, సన్న బరమాతో దారి చేసి, 2 అంగుళాల స్క్రూ ఎక్కించండి. దానికి తోడు ఒక్కో బందుకి రెక్క వైపు కనీసం ఒక్కటైనా ఆర్‌పార్ బోల్టు, అంటే అటునుంచి ఇటు దూరి నట్టు పడేది, ఉండాలి. మిగతా స్క్రూలన్నీ ఊడినా ఆ ఒక్క బోల్టు రెక్కని వదలదు.

ఇనుప తలుపులకి వేసే బుల్లెట్ బందుల్లో ఒక చిక్కుంది. మూడూ ఒకే వాటంగా పెడితే రెక్కని పైకి ఎత్తి తీసేయొచ్చు. మనుషులు ఎత్తగలిగినట్టే, కింద సందులోంచి దూరిన గాలి కూడా కుదుపుతూ కుదుపుతూ ఎత్తుతుంది. మధ్య బందుని తలకిందులుగా వెల్డింగ్ చేయిస్తే ఇక లేవదు. ఇప్పటికే బిగించి ఉంటే పై బందు మీద ద్వారబంధానికి చిన్న ఇనుప ముక్క అతికించండి, బందుకీ దానికీ మధ్య 2 ఎంఎం మించి సందు ఉండకూడదు.

6. రెక్క గట్టిగా ఉందా?

యాంగిల్ ఫ్రేము 25×25×3 ఎంఎం ఉంటే సరిపోతుంది. లోపల అడ్డంగా రెండు యాంగిళ్ళు తప్పనిసరి. రేకుని ఫ్రేముకి ప్రతి 6 అంగుళాలకీ ఒక స్క్రూ లేదా రివెట్ చొప్పున బిగించండి. అడుగున్నరకొకటి కొట్టి వెళ్ళిపోయిన తలుపులే దబదబలాడేది.

చెక్క పలకల తలుపుకి ఏటవాలు కర్ర వేసేటప్పుడు చాలామంది తిరగేసి వేస్తారు. కర్ర కింద బందు దగ్గర మొదలై పైన తాళం వైపు మూలకి ఎక్కాలి, అప్పుడే రెక్క బరువుని కిందికి దింపుతుంది. ఇనుప పట్టీ వేస్తే దానికి వ్యతిరేకం: పై బందు దగ్గర మొదలై కింద తాళం వైపు మూలకి దిగాలి, ఎందుకంటే పట్టీ లాగి పట్టుకోగలదు గానీ నెట్టి నిలబెట్టలేదు. తిరగేసి వేసినది అందానికే. ఏడాది తిరిగేసరికి తాళం వైపు మూల అరంగుళం దిగి గెడ రంధ్రాన్ని తప్పుతుంది.

పీవీసీ రెక్కకి వెనక స్క్వేర్ పైపు ఫ్రేము లేకపోతే ఈ మార్గదర్శిలో ఏదీ దాన్ని కాపాడలేదు. ఫ్రేము వేయించండి, లేదా తలుపే మార్చండి.

7. గెడలు

షెడ్డుకి తాళం బయటనుంచి వేస్తాం కాబట్టి గెడలు కూడా బయటి ముఖానికే రావాలి. తాళం వైపు అంచుకి 3 అంగుళాల లోపలగా, పైన ఒకటి, కింద ఒకటి. నడుమ ఆల్‌డ్రాప్, దానికి తాళం.

గెడ బిగించే బోల్టుల గుండ్రని తల బయటికి, నట్టు లోపలికి ఉండాలి. అటూ ఇటూ మారిస్తే స్పానర్ ఉన్న ప్రతివాడికీ తాళంచెవి ఇచ్చినట్టే.

పై గెడ కడ్డీ ద్వారబంధంలోకి కనీసం ఒక అంగుళం దిగాలి. చెక్క ద్వారబంధమైతే రంధ్రం మీద 3 ఎంఎం ఇనుప ప్లేటు వేయించండి. ఉత్త చెక్క రంధ్రం గాలికి కోలగా సాగుతుంది, సాగిన రంధ్రంలో గెడ ఆడుతుంది, ఆడే కొద్దీ ఇంకా సాగుతుంది. పొట్టివాళ్ళకి అందకపోతే పై కడ్డీని పొడవుగా చేయించి పిడి భుజం ఎత్తుకి దింపమనండి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ వెల్డరైనా 12 ఎంఎం కడ్డీతో చేసిపెడతాడు. మధ్యలో రెండు చోట్ల రింగులు వేసి పట్టించకపోతే ఆ పొడుగు కడ్డీ వంగుతుంది.

కింది గెడకి రంధ్రం ఎక్కడ పడాలో కళ్ళతో అంచనా వేయకండి. బందుల పనంతా అయ్యాక తలుపు మూసి, గెడ కొసకి తడి కుంకుమ రాసి కిందికి దించండి. నేల మీద ఎర్రటి చుక్క పడుతుంది. అదే కేంద్రం.

ఆ చుక్క చుట్టూ రెండున్నర అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతు గొయ్యి ఉలితో తీయండి. అడుగున అంగుళం మందాన సన్న కంకర పోయండి. దాని మీద జీఐ పైపు ముక్క నిలబెట్టి, గెడ కడ్డీని అందులోకి దించి నిటారుగా ఉందో లేదో చూసుకుని, చుట్టూ ఒకపాలు సిమెంటు, మూడుపాళ్ళు ఇసుక కలిపి కూరండి. పైపు అడుగు తెరిచే ఉండాలి, వాన నీరు కంకరలోంచి భూమిలోకి పోవాలి. మూసేస్తే నీళ్ళు నిలిచి, మట్టి పేరుకుని, తుఫాను రోజున గెడ అరంగుళమే దిగుతుంది. అర అంగుళం పైపు లోపలి వెడల్పు 16 ఎంఎం దాకా ఉంటుంది, 12 ఎంఎం కడ్డీకి చక్కగా సరిపోతుంది. ముప్పావు పైపు పెడితే గెడ మళ్ళీ ఆడుతుంది. మూడు రోజులు తడుపుతూ, ఆ గెడ వేయకుండా వదిలేయండి.

డాబా మీది షెడ్డుకి మాత్రం ఇలా చేయొద్దు. స్లాబులో గొయ్యి తీస్తే కింద గదిలో చెమ్మ దిగుతుంది, తర్వాత వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు షెడ్డు ఖర్చుని మించుతుంది. ద్వారబంధం రెండు కాళ్ళకీ కలిపి అడుగున 40 ఎంఎం యాంగిల్ గడపలా వెల్డింగ్ చేయించి, గెడ రంధ్రం ఆ యాంగిల్‌కే వేయించండి.

ఆల్‌డ్రాప్ గొళ్ళెంలో తాళం వేశాక ఇంకా సందుంటే లోపలివైపు రబ్బరు వాషరు ఒకటి ఇరికించండి. టకటక ఆగిపోతుంది.

తుఫాను కోసం అడ్డకమ్మీ పెట్టుకోవచ్చా అని అడుగుతారు. బయటికి తెరుచుకునే తలుపుకి బాగా పనికొస్తుంది: గోడకి రెండు పక్కలా యు క్లాంపులు బిగించి, 40 ఎంఎం స్క్వేర్ పైపు అడ్డంగా పెట్టడమే. లోపలికి తెరుచుకునే తలుపుకి బయట అడ్డకమ్మీ పెట్టి ప్రయోజనం లేదు, గాలి రెక్కని లోపలికి నెడుతుంది, కమ్మీ బయట చూస్తూ నిలబడుతుంది. దానికైతే రెక్కకి మధ్యలో బోల్టు వేసి కమ్మీతో కలపాలి.

8. తెరిచి ఉన్న తలుపే ఎక్కువ విరుగుతుంది

మూసిన తలుపు కన్నా, మధ్యాహ్నం ఏదో తీయడానికి వెళ్ళి తెరిచి వదిలేసిన తలుపే ఎక్కువ పాడవుతుంది. వాన ముందు గాలి ఒక్క విసురు విసిరితే రెక్క గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంటుంది.

అందరూ చేసే పని ఇటుక అడ్డం పెట్టడం. ఆ ఇటుక ఎక్కడ పెడుతున్నారో చూడండి: చాలాసార్లు బందుల పక్కనే, అడుగులోపే. గాలి రెక్క చివర నెడుతుంది, ఇటుక మొదట్లో ఆపుతుంది, రెక్క గడ్డపారలా పనిచేసి బందుని ద్వారబంధంలోంచి పెకిలిస్తుంది. ఆపేది ఏదైనా బందులకి దూరంగా, రెక్క వెడల్పులో ముప్పావు వంతు దాటాక ఉండాలి. 3 అడుగుల తలుపుకి అంటే బందుల నుంచి 27 అంగుళాల అవతల.

అక్కడే గోడకి టైరు ముక్క బిగించి, దాని పక్కనే కొక్కెం పెట్టండి. కన్ను రెక్కకి, కొక్కెం గోడకి. తిరగేస్తే మూసి ఉన్నప్పుడు కొక్కెం రెక్కకి వేలాడుతూ గాలికి డప్పు కొడుతుంది. వెనక గోడ లేకపోతే నేలలో రెండడుగుల యాంగిల్ ముక్క పాతి దానికి పెట్టండి. అయస్కాంతం స్టాపర్లు గదుల తలుపులకే.

9. సందులు, జల్లు

పక్కల 3 ఎంఎం, పైన 4-5, అడుగున 10 ఎంఎం సందు ఉండాలి. చెక్క తలుపుకి ఇంతకన్నా తగ్గించకండి. రోహిణీకార్తె ఎండకి ఎండి సన్నబడిన చెక్క ఆగస్టు వానలకి ఉబ్బుతుంది. మేలో సరిగ్గా కూర్చున్న తలుపు ఆగస్టులో మూసుకోదు, అప్పుడు కోపంతో చిత్రిక పట్టించేస్తారు, మళ్ళీ మే వచ్చేసరికి వేలు దూరే సందు.

రబ్బరు బీడింగ్ తలుపు ఆనే అంచుకి మూడు వైపులా అంటించండి. మందం ఎక్కువది తెస్తే గెడ పడదు. ముందు ఒక జానెడు ముక్క అంటించి, తలుపు మూసి చూసి, తర్వాత మిగతాది అంటించండి. అడుగున బయటివైపు చిన్న యాంగిల్ ముక్క వాలుగా కొడితే జల్లు గడప అవతలే పడుతుంది.

10. రెండు రెక్కల తలుపు

ముందు మూసే రెక్కకి పైనా కిందా గెడలు తప్పనిసరి, ఆ రెక్క ద్వారబంధంలా కదలకుండా నిలబడాలి. రెండో రెక్క దానికి ఆనుతుంది. రెండు రెక్కల్నీ కలిపి గొలుసు, తాళం వేసి ఊరుకుంటే ఆ రెండూ కలిసే ఊగుతాయి.

11. జరిగే పొరపాట్లు

- గెడ తేలిగ్గా జారాలని గ్రీజు దట్టించడం. దుమ్ము అంటుకుని పది రోజుల్లో బిగుసుకుపోతుంది. కొవ్వొత్తి ముక్క రుద్దండి.
- ఇంట్లో మిగిలిన హైడ్రాలిక్ డోర్ క్లోజర్ బిగించడం. అది మెల్లగా మూయడానికి, గాలిని ఆపడానికి కాదు. మొదటి విసురుకి దాని చెయ్యి వంగుతుంది.
- తలుపుకి బలం చేసి పైకప్పు మరిచిపోవడం. రేకుల్ని పట్టి ఉంచే జె హుక్కుల నట్లు, వాషర్లు కూడా అదే రోజు చూడండి.
- వెల్డింగ్ అయిన చోట ప్రైమరు వేయకపోవడం. తుప్పు ముందు అక్కడే పడుతుంది. మసి గీకి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయండి.
- "గాలి పోవడానికి దారి ఉండాలి" అని తుఫానులో తలుపు తీసి పెట్టడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లోపలికి దూరిన గాలి రేకుల్ని కిందనుంచి పైకి నెడుతుంది, అదే సమయంలో పైన వెళ్ళే గాలి వాటిని పీలుస్తుంది. రెండూ కలిస్తే రేకులు లేస్తాయి. చాలా షెడ్లలో ముందు తలుపు పోతుంది, కప్పు దాని వెనకాలే పోతుంది.

అద్దె ఇంట్లో ఉండి గోడకి రంధ్రాలు వేయలేనివాళ్ళు మూడో బందు, రెక్కకి ఆర్‌పార్ బోల్టులు, బీడింగ్ వరకైనా చేసుకోండి. ఓనరుగారిని అడిగి కింది గెడ ఒక్కటి వేయించుకోగలిగితే సగం పని అయినట్టే.

12. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు

వాతావరణ శాఖ ఆరెంజ్ రంగు హెచ్చరిక ఇచ్చాక ఆగొద్దు. వెలుతురు ఉండగానే:

- కింది పైపు రంధ్రంలో మట్టి పుల్లతో తీసి, గెడ పూర్తిగా దిగుతోందో చూడండి
- ముందు కింది గెడ, తర్వాత పై గెడ, చివర ఆల్‌డ్రాప్, తాళం
- అడ్డకమ్మీ ఉంటే పెట్టండి
- పురుగుమందు డబ్బాలు, ఎరువు సంచులు నేలనుంచి రెండడుగుల పైకి ఎక్కించండి
- షెడ్డులోకి కరెంటు లైను ఉంటే ఇంట్లోనే స్విచ్ కట్టేయండి
- పెరట్లో వదిలేసిన ఖాళీ డ్రమ్ములు, రేకు ముక్కలు, పూలకుండీలు తీసేయండి, ఎగిరొచ్చి తలుపుకి తగిలేవి అవే

గాలి ఉండగా తలుపు కొట్టుకుంటోందని బయటికి వెళ్ళి పట్టుకోవద్దు. ఊగే ఇనుప రెక్క వేళ్ళు తెంపేస్తుంది. గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటికి రావొద్దు: తుఫాను మధ్యభాగం మన మీదుగా వెళ్తుంటే కాసేపు నిశ్శబ్దంగా ఉండి, తర్వాత అవతలి దిక్కునుంచి మళ్ళీ మొదలవుతుంది. అప్పటిదాకా నొక్కుకుని ఉన్న తలుపుని ఆ గాలి లాగడం మొదలుపెడుతుంది.

13. ఏడాదికి రెండుసార్లు

మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, పావుగంట:

- అన్ని నట్లూ స్పానర్‌తో పావు చుట్టు బిగించి చూడండి, తిరిగినవాటికి స్ప్రింగ్ వాషరు వేయండి
- రెక్కని తాళం వైపు ఎత్తి చూడండి
- గెడలకి కొవ్వొత్తి రుద్దండి
- బీడింగ్ గట్టిపడి పగిలిందేమో చూడండి, మన ఎండకి అది ఎక్కువ కాలం ఉండదు
- సుద్దముక్కతో మొదటి పరీక్ష మళ్ళీ చేయండి. పాత గీతలు కనపడుతుంటే తుడిచేసి మొదలుపెట్టండి, లేకపోతే ఏది కొత్తదో తెలీదు